పచ్చ లైట్ పడింది సరే, ఎదుటివాడు ఆగాడా?

సిగ్నల్ దగ్గర పచ్చ లైట్ పడింది, మీరు కుడికి తిరగాలి. ఎదురు రోడ్డులో ఉన్న బండ్లు ఇప్పుడు ఆగి ఉన్నాయా, లేక వాళ్లకూ పచ్చే పడిందా? మీ ముందున్న లైట్‌ను మాత్రమే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరా? చాలా చౌరస్తాల్లో చెప్పలేరు. రోజూ పోయే దారి అయితే అలవాటు మీద తిరిగేస్తాం, కొత్త ఊర్లో అయితే ముందున్న ఆటో ఏం చేస్తే మనమూ అదే చేస్తాం. నల్లగొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా సిగ్నళ్ల గురించి మాట్లాడేటప్పుడు చలాన్లు, హెల్మెట్లు, కెమెరాల మాట వస్తుంది కానీ ఈ కుడి మలుపు మాట రాదు. చౌరస్తాలో ప్రాణం మీదకు తెచ్చే అయోమయం మాత్రం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

ముందుగా ఒక విషయం. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎడమకు తిరగడం తేలిక, కుడికి తిరగాలంటే ఎదురు బండ్ల దారిని అడ్డంగా దాటాలి. అమెరికాలో కుడి పక్కన నడుపుతారు, అక్కడ ఆ కష్టమంతా ఎడమ మలుపుకు ఉంటుంది. అందుకే సిగ్నళ్ల మీద అక్కడ జరిగిన పరిశోధనల్లో ఎక్కడ చూసినా లెఫ్ట్ టర్న్ అనే కనిపిస్తుంది; మనం చదివేటప్పుడు దాన్ని కుడి మలుపుగా మార్చుకుని చదవాలి. మన జిల్లాల నుంచి పోయి అక్కడ కారు నడుపుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు, పిల్లల దగ్గరికి పోయి వచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు, కాబట్టి ఈ రెండు దేశాల తేడా మనకు పుస్తకాల సంగతి కాదు.

అడ్డం దాటే మలుపుకు సిగ్నల్ పెట్టేటప్పుడు ఇంజినీర్ల ముందు ఉండే దారులు ప్రధానంగా మూడు. ఎదుటివాళ్లను పూర్తిగా ఆపేసి తిరిగేవాళ్లకే దారి ఇవ్వడం ఒకటి, దీన్ని ప్రొటెక్టెడ్ అంటారు. రెండోది పర్మిసివ్: ఎదుటివాళ్లకూ పచ్చే, మీకూ పచ్చే, వాళ్ల మధ్య సందు దొరికితే తిరగాలి, దొరక్కపోతే ఆగి చూడాలి. ఈ రెండింటినీ కలిపేది మూడోది, అంటే కాసేపు ఎదుటివాళ్లను ఆపి మిమ్మల్ని వదిలి, ఆ తర్వాత అందరినీ వదిలేసి సందు చూసుకుని తిరగమనడం. ఈ మూడింట్లో ఏది నడుస్తోందో స్తంభం మీద లైట్‌ను చూడగానే డ్రైవర్‌కు తెలిసిపోవాలి, అసలు సమస్య అంతా ఇక్కడే.

మన దగ్గర సిగ్నల్ ఉన్న నాలుగు రోడ్ల చౌరస్తాల్లో ఎక్కువగా కనిపించేది ఒక్కో రోడ్డును వంతుల ప్రకారం వదలడం. ఒక రోడ్డుకు పచ్చ పడితే మిగతా మూడూ ఎరుపులో ఉంటాయి, ఆ రోడ్డు మీదివాళ్లు నేరుగా పోవచ్చు, కుడికి తిరగొచ్చు, ఎదురు ఎవరూ రారు. ఇలాంటి చౌరస్తాల్లో నడపడం నేర్చుకున్నవాళ్ల మనసులో పచ్చ అంటే ఇది నా వంతు, మిగతావాళ్లంతా ఆగిపోయారు అని గట్టిగా ముద్ర పడుతుంది. దాన్ని తెలివితక్కువతనం అనడానికి లేదు, వాళ్లు నేర్చుకున్న చోట అది పూర్తిగా నిజం.

అదే మనిషి డాలస్‌లో స్టీరింగ్ పట్టుకున్నాడనుకోండి. అక్కడ పచ్చ బాణం పడితే ఎదుటివాళ్లు ఆగి ఉన్నట్టు, నిశ్చింతగా తిరగొచ్చు. గుండ్రటి పచ్చ పడితే మాత్రం ఎదురుగా వచ్చే బండ్లకు, రోడ్డు దాటే మనుషులకు దారి ఇచ్చి, ఖాళీ చూసుకుని ఎడమకు తిరగాలి. కొన్నిచోట్ల ఈ సంగతి చెప్పే బోర్డు కూడా సిగ్నల్ పక్కనే పెడతారు. మన అలవాటుతో, పచ్చ పడింది కదా అని ధీమాగా తిప్పితే ఎదురుగా వచ్చే కారు నేరుగా మీ కారు కుడి డోర్లకు వచ్చి తగులుతుంది. అమెరికాలో కొత్తగా డ్రైవింగ్ మొదలుపెట్టే మనవాళ్లకు హైవే ఎక్కడం కన్నా, మైళ్లు, గ్యాలన్ల లెక్క కన్నా ముందు చెప్పాల్సింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ గందరగోళం విమానం ఎక్కితేనే మొదలయ్యేది కూడా కాదు. మన ఊర్లలోనే కొన్ని చౌరస్తాల్లో ఎదురెదురు రోడ్లను ఒకేసారి వదులుతారు, ముఖ్యంగా పక్క రోడ్లు చిన్నవైన చోట. నాలుగు వంతుల చౌరస్తాకు అలవాటుపడినవాళ్లు ఇక్కడికి వచ్చి అదే గుండ్రటి పచ్చను చూసి, అదే ధీమాతో తిరుగుతారు. ఇక్కడివాళ్లు అక్కడికి పోతే ఎదురు రానివాళ్ల కోసం మధ్యలో ఆగి వెనకవాళ్ల హారన్లు తింటారు. ఒకే లైట్‌ను ఒకచోట ఒక అర్థంతో, ఇంకోచోట దానికి పూర్తి విరుద్ధమైన అర్థంతో వాడుతున్నాం. డ్రైవర్లకు క్రమశిక్షణ లేదని తిట్టే ముందు ఆ స్తంభం వాళ్లకు సరైన సమాచారం ఇస్తోందా అని అడగాలి.

మరి అన్ని చౌరస్తాల్లోనూ నాలుగు వంతులు పెట్టేస్తే సరిపోదా అంటే, దానికి టైం రూపంలో పెద్ద ఖర్చే ఉంది. ఒక్కో రోడ్డుకు 30 సెకన్లు ఇస్తే మొత్తం చక్రం 120 సెకన్లు అవుతుంది, అంటే మీ వంతు అయిపోయాక మళ్లీ వచ్చేదాకా 90 సెకన్లు ఎండలో నిలబడాలి. పైగా వంతు మారిన ప్రతిసారీ కొంత కాలం ఎవరికీ పనికి రాకుండా పోతుంది: ముందువాళ్లు కదలడానికి కాస్త, చివరివాళ్లు చౌరస్తా దాటిపోవడానికి కాస్త. అది వంతుకు 4 సెకన్లు అనుకున్నా ఒక్క చక్రంలో 16 సెకన్లు గాలికి పోయినట్టే. మన దేశంలో సిగ్నల్ లెక్కలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో ఇచ్చిన ఐఆర్‌సీ 93 అనే మార్గదర్శకాలు ఉన్నాయి. టైమింగ్ లెక్కలకు ఎఫ్.వి.వెబ్‌స్టర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1958లో ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ విద్యార్థులకు చెప్తారు. ఆ సూత్రం ప్రకారం వృథా అయ్యే కాలం పెరిగేకొద్దీ చక్రం పొడవూ పెరుగుతుంది, చక్రం పెరిగితే ఎరుపు పెరుగుతుంది, ఎరుపు పెరిగితే జనం ఓపిక తగ్గి దాన్ని దాటడం మొదలుపెడతారు. ఎదురు ట్రాఫిక్ పలచగా ఉండే చిన్న పట్టణాల్లో నలుగురు కుడికి తిరగడానికి మొత్తం ఎదురు రోడ్డును ఆపి కూర్చోబెట్టడం నిజంగానే వృథా. అక్కడ పర్మిసివ్ పద్ధతే న్యాయం, కానీ ఆ సంగతి డ్రైవర్‌కు తెలియజేయాలి.

ఎప్పుడు ఏది పెట్టాలనడానికి అమెరికన్ ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: గంటకు తిరిగే బండ్ల సంఖ్యను ఎదురు వచ్చే బండ్ల సంఖ్యతో గుణిస్తారు. ఎదురు లేన్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ లబ్ధం 50,000, రెండు ఉన్నప్పుడు లక్ష దాటితే ప్రత్యేకంగా బాణం ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. గంటకు 100 బండ్లు తిరుగుతూ ఎదురు ఒకే లేన్‌లో 600 వస్తుంటే లబ్ధం 60,000, అంటే బాణం అవసరం వచ్చినట్టే. ఇది ఒక్కటే చూడరు. ఎదురు బండ్ల వేగం, దాటాల్సిన లేన్లు, మలుపులో చూపు అందుతుందా లేదా, గతంలో అక్కడ ఎన్ని ప్రమాదాలు జరిగాయి అన్నవీ చూస్తారు. మన దగ్గర బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు కలిసి నడుస్తాయి కాబట్టి ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెట్టలేం, అయినా ఉదయం, సాయంత్రం రద్దీలో నిలబడి తిరిగే బండ్లను, ఎదురు వచ్చే బండ్లను విడివిడిగా లెక్కపెట్టడం ఏ మున్సిపాలిటీకైనా సాధ్యమే.

ఇప్పుడు అమెరికాలో వాళ్లు దీన్ని ఎలా దారికి తెచ్చారో చూద్దాం, ఎందుకంటే ఆ కథలో మనకు పనికొచ్చేది చాలా ఉంది. గుండ్రటి పచ్చ పడితే సందు చూసుకుని తిరగాలనే నిబంధన వాళ్ల పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నా, దాన్ని చూసి దారి నాదే అనుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. ఈ తికమక తగ్గించాలని ఒక్కో చోట ఒక్కోటి పెట్టి చూశారు: మిషిగన్‌లో బ్లింకయ్యే గుండ్రటి ఎరుపు, డెలవేర్‌లో బ్లింకయ్యే ఎరుపు బాణం, సియాటిల్ వైపు బ్లింకయ్యే గుండ్రటి పసుపు. ఒక రాష్ట్రంలో నేర్చుకున్నది పక్క రాష్ట్రంలో చెల్లని పరిస్థితి. చివరికి జాతీయ స్థాయిలో పెద్ద అధ్యయనం చేయించారు, ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ (అక్కడి జాతీయ రహదారుల పరిశోధన కార్యక్రమం) 493వ నివేదికగా 2003లో అది బయటికొచ్చింది. అందులో నాకు బాగా నచ్చింది ఒకటి ఉంది. ఏ లైట్ అందంగా ఉంది, ఏది ఖర్చు తక్కువ అని చూసి ఊరుకోలేదు, మామూలు డ్రైవర్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, లైట్ల బొమ్మలు చూపించి, ఇప్పుడు మీరేం చేస్తారని అడిగారు.

అడిగాక జవాబుల్లో తప్పులన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. దారి ఉన్నా లేదనుకుని ఆగిపోవడం ఒక రకం తప్పు. దానివల్ల టైం పోతుంది, వెనకవాళ్లు విసుక్కుంటారు, అంతకు మించి పెద్ద నష్టం లేదు. దారి లేకపోయినా ఉందనుకుని తిరిగేయడం ఇంకో రకం, ఇది మనుషుల్ని చంపుతుంది. సిగ్నల్ డిజైన్‌ను కొలవాల్సింది ఈ రెండో తప్పుతోనే: అర్థం కానప్పుడు కూడా డ్రైవర్ ఆగే వైపే మొగ్గేలా ఆ లైట్ ఉండాలి. గుండ్రటి పచ్చలో ఆ గుణం లేదు, అర్థం కాకపోతే పొమ్మన్నట్టే కనిపిస్తుంది. బ్లింకయ్యే పసుపు బాణానికి ఆ గుణం ఉంది, ఎందుకంటే పసుపు చూడగానే ఎవరికైనా కాలు కాస్త బ్రేక్ వైపు పోతుంది. అధ్యయనం దాన్నే సిఫారసు చేసింది, 2006లో అక్కడి సమాఖ్య రహదారుల శాఖ తాత్కాలికంగా ఒప్పుకుంది, 2009లో వచ్చిన వాళ్ల జాతీయ సిగ్నళ్ల మాన్యువల్‌లో అది చేరింది. ఇప్పుడు అక్కడ చాలా చౌరస్తాల్లో నాలుగు బాణాల స్తంభం కనిపిస్తుంది: ఎరుపు బాణం ఉంటే ఆగాలి, కదలకుండా వెలిగే పసుపు బాణం అంటే టైం అయిపోతోంది, బ్లింకయ్యే పసుపు బాణం అంటే ఎదుటివాళ్లకు దారి ఇచ్చి తిరగాలి, పచ్చ బాణం అంటే దారి మీదే.

ఈ బాణం ఇంకో పెద్ద ప్రమాదాన్ని కూడా తీసేసింది, దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. వాళ్లు దాన్ని ఎల్లో ట్రాప్ అంటారు. మన దగ్గర జరుగుతున్నట్టే ఊహించుకుందాం: మీరు కుడికి తిరగడానికి చౌరస్తా మధ్యలోకి వచ్చి ఆగారు, మీకూ ఎదుటివాళ్లకూ పచ్చే ఉంది, బండ్లు ఎడతెగకుండా వస్తున్నాయి, సందు దొరకడం లేదు. ఇంతలో మీ లైట్ పసుపు అయింది. ఎవరైనా ఏమనుకుంటారు? ఎదుటివాళ్లకూ పసుపు పడింది, ఇక ఆగుతారు, నేను ఇప్పుడు తిరిగేయొచ్చు అనుకుంటారు. కానీ ఈ చౌరస్తాలో సిగ్నల్‌ను పెట్టినవాళ్లు మీ వైపు ముందుగా మూసి, ఎదుటి వైపు ఇంకో 15 సెకన్లు వదిలేలా, వాళ్లలో కుడికి తిరిగేవాళ్లకు చివర్లో బాణం ఇచ్చేలా టైమింగ్ పెట్టారు. ఎదుటివాళ్లకు ఇంకా నిండు పచ్చే ఉంది, వాళ్లు బ్రేక్ వేయాల్సిన పనే లేదు. మీరు తిరిగారు, వాళ్లు వచ్చి కొట్టారు. ఇద్దరూ తమ ముందున్న లైట్‌ను నిజాయితీగానే నమ్మారు.

ఇలాంటి ప్రమాదం జరిగాక స్టేషన్‌లో ఎవరిది తప్పని రాస్తారు? తిరిగినవాళ్లదనే రాస్తారు. నా మట్టుకు ఆ టైమింగ్ పెట్టినవాళ్ల బాధ్యత కూడా అందులో ఉండాలి. బ్లింకయ్యే పసుపు బాణం ఈ ఉచ్చును ఎలా తీస్తుందంటే, దాన్ని మీ వైపు పచ్చతో కాకుండా ఎదుటివాళ్ల పచ్చతో ముడిపెడతారు. ఎదుటి పచ్చ ఉన్నంతసేపూ మీ బాణం బ్లింకవుతూనే ఉంటుంది, మీ పక్కన నేరుగా పోయే లేన్‌కు ఎరుపు పడినా సరే. వాళ్లు నిజంగా ఆగే టైం వచ్చినప్పుడే మీకు నిలకడ పసుపు పడుతుంది. డాలస్‌లో అంతకుముందే ఇదే ఆలోచనను ఇంకో రకంగా చేశారు: ఎడమకు తిరిగే లేన్‌వాళ్లకు మాత్రమే కనిపించేలా లైట్‌కు లోపల పలకలు బిగించి, దాని గుండ్రటి పచ్చను ఎదుటి పచ్చతో కలిపారు. దానికి డాలస్ ఫేజింగ్ అనే పేరే పడిపోయింది.

సరే, లైట్ సంగతి అర్థమైంది, ఇక సందు చూసుకోవడం ఉంది. అమెరికన్ లెక్కల్లో ఇలా తిరగడానికి ఎదురు బండ్ల మధ్య దాదాపు నాలుగున్నర సెకన్ల ఖాళీ కావాలంటారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 14 మీటర్లు వస్తుంది, అంటే కనీసం 63 మీటర్ల దూరం ఖాళీ ఉండాలి. గంటకు 80 అయితే అదే ఖాళీకి 100 మీటర్లు. ఇది కారు లెక్క. మిర్యాలగూడ వైపు కోతల టైంలో వడ్ల లోడుతో మిల్లుకు పోయే ట్రాక్టర్, ట్రాలీతో సహా తిరగాలంటే దీనికి రెట్టింపు కూడా చాలకపోవచ్చు, అందుకే దాని డ్రైవర్ సందు కోసం చూడడు, మెల్లగా అడ్డం పెట్టేసి ఎదుటివాళ్లే ఆగేలా చేస్తాడు. అది చూసి కోప్పడతాం కానీ ఆ చౌరస్తాలో అతనికి ఇంకో దారి ఇవ్వలేదు మనం.

మన రోడ్ల మీద ఎదురు వచ్చేది ఎక్కువగా బైకు కావడం ఇంకో ముఖ్యమైన సంగతి. చిన్న ఆకారం ఉన్న బండి, అదే దూరంలో, అదే వేగంతో వస్తున్నా పెద్ద బండి కన్నా ఆలస్యంగా చేరుతుందని మన కన్ను పొరపడుతుంది. పరిశోధకులు దీన్ని చాలాసార్లు గమనించారు. లారీ వస్తే ఆగుతాం, బైకు వస్తే ఇంకా దూరం ఉందిలే అని తిరిగేస్తాం. దానికి తోడు మీకు ఎదురుగా కుడికి తిరగడానికి ఆర్టీసీ బస్సు నిలబడి ఉంటే, దాని వెనక నుంచి దూసుకొచ్చే బైకు మీకు కనిపించనే కనిపించదు, మీరూ దానికి కనిపించరు. బస్సు ఆగి ఉంది కాబట్టి దారి ఉందనుకోవడం చాలా ప్రమాదం, బస్సు పక్క లేన్ ఖాళీ అని కళ్లతో చూశాకే కదలాలి. మధ్యలో ఆగి ఉన్నప్పుడు కారు చక్రాలు నేరుగా పెట్టుకోండి, ముందే కుడికి తిప్పి ఉంచితే వెనక నుంచి ఎవరైనా తగిలినా కారు ఎదురు బండ్ల మీదికే పోతుంది.

బైకు మీద ఉండేవాళ్లు చేసే పని ఇంకోటుంది. ఎడమ అంచున వస్తూ వస్తూ చౌరస్తాలో ఒక్కసారిగా కుడికి కోస్తారు. కుడికి తిరగాలంటే ముందుగానే రోడ్డు మధ్య గీత దగ్గరికి జరిగి ఉండాలని మన నిబంధనలు ఎప్పటినుంచో చెప్తున్నాయి, 1989 నాటి నిబంధనల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చినా ఈ సూత్రం మారలేదు. రోడ్డు అంచు నుంచి కోసేవాళ్లకు ఎదురు బండ్లే కాదు, తమ వెనక నేరుగా వచ్చే బండ్లు కూడా అడ్డమే.

కౌంట్‌డౌన్ టైమర్ల గురించి కూడా ఒక మాట. ఎరుపు ఎంతసేపుందో తెలిస్తే ఇంజిన్ ఆపుకుంటారు, టెన్షన్ తగ్గుతుంది, అది మంచిదే. కానీ 3 కనపడగానే బండ్లు కదిలిపోతాయి. ఇందాకటి వంతులో చివరగా కుడికి తిరుగుతున్నవాళ్లు ఇంకా చౌరస్తా మధ్యలోనే ఉంటారు, వాళ్లు దాటిపోవడానికి ఇచ్చిన ఆ రెండు మూడు సెకన్లనే మనం తినేస్తున్నాం.

హైవేల మీద కథ వేరు. 65వ నంబర్ జాతీయ రహదారి మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి వైపు గానీ, 44 మీద జడ్చర్ల దాటాక గానీ డివైడర్‌లో సందు ఉన్న చోట కుడికి తిరిగేవాళ్లు ఎదురు వేగాన్ని అంచనా కట్టాల్సింది 80, 100 దగ్గర. అక్కడ లైట్ ఉన్నా అది బ్లింకయ్యే పసుపే కావచ్చు. దాని అర్థం వేగం తగ్గించి, చూసి, జాగ్రత్తగా పొమ్మని. ఎదుటివాళ్లు ఆగుతారని దాంట్లో ఎక్కడా లేదు. రాత్రి పూట పట్టణాల్లో సిగ్నళ్లను ఇలా బ్లింకింగ్‌లో వదిలినప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. బ్లింకయ్యే ఎరుపు అయితే పూర్తిగా ఆగి, చూసుకుని, ఆ తర్వాతే కదలాలి. ఈ రెండింటినీ సిగ్నల్ చెడిపోయిందనుకుని స్పీడ్‌గా పోయేవాళ్లను రోజూ చూస్తున్నాం.

ఈ కుడి మలుపు గొడవ భరించలేకే హైదరాబాద్‌లో చాలా చౌరస్తాల్లో దాన్ని మూసేసి, కొంచెం ముందుకు పోయి యూటర్న్ తీసుకోమంటున్నారు. మిషిగన్‌లో 1960ల నుంచీ ఉన్న పద్ధతీ దాదాపు ఇదే. విశాలమైన రోడ్డు, మధ్యలో వెడల్పు డివైడర్ ఉంటే బాగా పనిచేస్తుంది. మన జిల్లా కేంద్రాల్లో ఇరుకు రోడ్ల మీద దీన్ని పెడితే అర కిలోమీటరు తిరిగి రావడం ఇష్టం లేక జనం రాంగ్ రూట్‌లో వస్తారు, ఆ ప్రమాదం కుడి మలుపు కన్నా ఘోరం. అందుకే నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల ముందు చేయాల్సింది ఉన్న సిగ్నల్‌కు సరైన అర్థం ఇవ్వడమేనని నా అభిప్రాయం.

మీ చౌరస్తాలో ఏం నడుస్తోందో తెలుసుకోవడానికి ఇంజినీర్ కానక్కర్లేదు. బండి పక్కన పెట్టి, టీ కొట్టు దగ్గర నిలబడి ఐదు నిమిషాలు చూడండి: ఎదురెదురు రోడ్లకు పచ్చ ఒకేసారి పడుతోందా, విడివిడిగానా? ఒకేసారి పడితే రెండూ ఒకేసారి మూస్తున్నారా, ఒకటి ముందు మూస్తున్నారా? ఒకటి ముందు మూస్తుంటే, ఆ వైపు నుంచి కుడికి తిరగడానికి మధ్యలో ఆగినవాళ్లకు ఎల్లో ట్రాప్ అక్కడ సిద్ధంగా ఉన్నట్టే. చూసింది కాగితం మీద పెట్టి మున్సిపల్ కమిషనర్‌కు, ట్రాఫిక్ పోలీసులకు ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. అడగాల్సినవి పెద్ద ఖర్చు పనులు కావు. ఎదుటివాళ్లను ఆపి వదిలే చోట కుడి వైపుకు పచ్చ బాణం వెలగాలి, ఆపకుండా వదిలే చోట ఆ బాణం అస్సలు వెలగకూడదు, ఎదురు బండ్లు పోయాకే కుడికి తిరగాలని పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో బోర్డు ఉండాలి, ఎదురెదురు పచ్చలను ఒకేసారి మూసేలా టైమింగ్ మార్చాలి.